నిమ్మ వాసన

అందరూ కలిసిపోవాలని అరిజోనాలో ఇంటింటి గోడకీ ఒక యంత్రం బిగించారు. ఎవరేం వండినా ఆ వాసన పీల్చేసుకుని నిమ్మ వాసన వదులుతుంది. ముక్కుకి ఏదీ తెలియక హైమావతి ఈ వారంలో మూడోసారి పోపు మాడ్చింది. ఇక ఓపిక లేక చిన్న గ్యాస్ పొయ్యి, చారు గిన్నె, ఇంగువ డబ్బా పట్టుకుని కార్లు నిలిపే చోటికి దిగింది.

పక్కవాటాలో ఉండే నవహో అనే అమెరికా ఆదివాసీ తెగ ముసలావిడ లొరేన్ అప్పటికే అక్కడ కూర్చుని దేవదారు ఆకు కాలుస్తోంది.

"నీది కూడా మింగేసిందా?" అంది, జరిగి చోటిస్తూ.

నూనెలో ఇంగువ పొంగింది. ఇద్దరూ ఆ పొగలు పీల్చుకున్నారు.

"మా నాయనమ్మని చిన్నప్పుడు తెల్లవాళ్ళు తమ బడికి పట్టుకుపోయి, జుట్టు కత్తిరించి, సబ్బుతో ఒళ్ళు తోమారట. నిమ్మ సబ్బే," అంది లొరేన్. "పోయేదాకా ఆవిడ ఇంట్లోకి నిమ్మకాయ రానివ్వలేదు."

హైమావతి చారులో పోపు కలిపి, మూత పెట్టి, కాళ్ళీడ్చుకుంటూ మెట్లెక్కింది.

తలుపు తీసిన కూతురు ముక్కు మూసుకుంది.

"అమ్మా, నీ దగ్గర ఏదో వాసనొస్తోంది," అంది జాలిగా. "త్వరగా లోపలికి రా, పోతుంది."