వాకిట దీపం

క్రైస్తవుడనంటే అద్దెకు ఇల్లివ్వరేమోనన్న భయంతో, స్టాన్లీ ప్రసాద్ అనే నా పేరులో ప్రసాద్ అన్న సగమే చెప్పి, చిక్కపేటలో సుంకమ్మగారి మేడగదిలో చేరాను. దాచవలసినవాటికి జాబితా రాసుకున్నాను: బైబిలు బీరువాలో, క్రిస్మస్ నక్షత్రం ట్రంకుపెట్టెలో, ఆదివారం ఆరాధనకు పోతూ ఓవర్‌టైమ్ అని చెప్పడం. చర్చిలో వెలుగును గూర్చి ప్రసంగం వచ్చినప్పుడల్లా తల వంచుకొనేవాణ్ణి.

ఆరేళ్లు గడిచాయి. ఈ డిసెంబరులోనూ ఎప్పటిలాగే ఆమె వాకిట దీపం వెలగలేదు. సాయంత్రం ఆ చీకట్లో మెట్టు తప్పి పడ్డాను. ఓర్పు నశించి తలుపు తట్టాను.

"అమ్మా, ఏడాదంతా వెలిగే లైటును డిసెంబరులోనే ఎందుకు ఆర్పేస్తారు? కరెంటు పొదుపా?"

"పొదుపేందప్పా! నువ్వొచ్చిన నెలలోనే పోస్టుమాన్ 'స్టాన్లీ ప్రసాద్ ఎవరు?' అని అడిగినాడు. నువ్వే చెప్తావులే అని ఊరకుండాను. మీవాళ్లు ఈ నెలలో ఇంటి ముందర చుక్క కడతారు గదా? నా లైటుంటే అది కనపడదని ఆర్పేస్తా ఉండాను."

మోకాలి నొప్పి మరిచిపోయాను. ఆమె వాకిట్లోకి వచ్చి, తలెత్తి నా గది వైపు చూసింది.

"ఈసారన్నా కట్టినావా?"