హెర్న్‌డన్‌లో సెన్సార్

తన బ్లాగుని అమెరికా ప్రభుత్వమే మూయించిందని రఘువీర్‌కి పొద్దున కాఫీ చల్లారేలోపే తేలిపోయింది.

అది 2012 జనవరి. ఇంటర్నెట్‌కి కళ్లెం వేసే బిల్లొకటి అమెరికా కాంగ్రెస్‌లో ఉంది. దేశమంతా గొడవ పడుతుంటే, వర్జీనియాలోని తమ ఊరు హెర్న్‌డన్ తెలుగువాళ్ల తరఫున గొడవపడే బాధ్యతని, ఎవరూ అడక్కపోయినా, రఘువీర్ నెత్తినేసుకున్నాడు. నిన్ననే 'నోరు నొక్కితే ఊరుకోం' అని పోస్ట్ పెట్టాడు. చదివినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఒకడు గూఢచారి అయ్యుంటాడు.

మిగతా సైట్లన్నీ వస్తున్నాయి. ఆ బ్లాగు ఒక్కటే రావడం లేదు. ఇంకో రాష్ట్రంలో, నేపర్‌విల్‌లో ఉన్న స్నేహితుడు వీరభద్రానికి ఫోన్ చేశాడు.

"నాకు ఓపెన్ అవుతోంది కదరా," అన్నాడు వీరభద్రం.

అంటే పట్టుకున్నది తమ ఇంటి లైన్‌నే. భయంతోపాటు రఘువీర్‌కి కాస్త గర్వం కూడా కలిగింది. ఇంకా చేతికి రాని గ్రీన్‌కార్డ్ గుర్తొచ్చేసరికి గర్వం పోయి భయం ఒక్కటే మిగిలింది.

"రూటర్ ఒకసారి చూడవా?" అన్నాడు భార్యతో.

"రూటర్ చక్కగా పనిచేస్తోందండీ," అంది దేదీప్య, వంటింట్లో లాప్‌టాప్ మీంచి తలెత్తకుండా.

హైదరాబాద్‌లో ఆమె నెట్‌వర్క్ ఇంజనీర్. భర్త వీసా మీద వచ్చింది కాబట్టి ఇక్కడ ఉద్యోగం చెయ్యకూడదు. కిందటేడు ఆ బాధ గురించే తనూ ఓ బ్లాగు మొదలుపెట్టింది. "ఎవరైనా చూస్తే రిస్క్. కార్డొచ్చేదాకా ఆగుదాం బంగారం," అని బుజ్జగించి రఘువీరే దాన్ని తీయించేశాడు. తన ముందుచూపుకి అప్పట్లో తనే మురిసిపోయాడు.

"శనివారం లైబ్రరీలో ఆ బిల్లు మీద మీ స్పీచ్ ఉంది కదా?" అంది దేదీప్య.

"ఇంకా స్పీచ్ ఏంటి? అసలే ఫైల్ పెండింగ్‌లో ఉంది."

సభ పెట్టిన కేశవరావుకి ఫోన్ చేశాడు. "త్రోట్ ఇన్‌ఫెక్షన్ అండీ, మాట రావట్లేదు," అని బొంగురుగా చెప్పి పెట్టేశాడు. ఇంతేనా తన పోరాటం అనుకుంటే సిగ్గేసింది.

వంటింట్లో లాప్‌టాప్ మూసిన చప్పుడైంది. రఘువీర్ ఆఖరిసారిగా బ్లాగు మీద క్లిక్ చేశాడు. ఈసారి పేజీ వచ్చింది. అంతా తెల్లగా ఉంది, మధ్యలో ఒకే ఒక్క వాక్యం.

"కార్డొచ్చేదాకా ఆగుదాం బంగారం."