ముస్తాబు

ఐసీయూలోకి బంధువుల్ని పంపే వేళయింది. నర్సు దువ్వెన చేతిలోకి తీసుకుంది, మళ్లీ సొరుగులో పడేసింది.

రోజూ ఈ వేళకి మంచం మీది పెద్దావిడకి మొహం తుడిచి, జడ అల్లి, సూదులకి కమిలిపోయిన చేతుల్ని దుప్పటి కింద దాచేది. కూతురు వచ్చి, "నిన్నటికంటే మొహం తేటగా ఉంది కదూ సిస్టర్?" అనేది. బయటికెళ్లి డాక్టరుతో, "వైద్యం ఆపకండి," అనేది. ఆయన ఇంకో గొట్టం వేయించేవాడు. అప్పుడు పెద్దావిడ కంటి కొసల్లోంచి కారే నీళ్లు తుడవడం మళ్లీ నర్సు వంతే.

'నా దువ్వెనే ఈవిడ పాలిట శాపమైంది,' అనుకుంది. ఇవాళ చేతుల మీద దుప్పటి కూడా కప్పలేదు.

కూతురు వచ్చి చూసింది. చిక్కుపడ్డ జుట్టు, వాచిన మొహం, ఆ నల్లటి చేతులు.

"ఇవాళ జడ వెయ్యలేదేం సిస్టర్?"

"ఎన్నాళ్లు వేసినా ఇంతేనమ్మా. ఆవిడ ఇంక కోలుకోరు."

డాక్టరు అనాల్సిన మాట నర్సు నోట వచ్చేసింది. తిట్లు తినడానికి సిద్ధపడి తల వంచుకుంది.

కూతురు స్టూలు మీద కూలబడింది.

"చేర్చిన మర్నాడే, అమ్మని ఇంక కష్టపెట్టొద్దని డాక్టరుగారితో చెబుదామనుకున్నా సిస్టర్. మీరేమో అంత ఇదిగా జడ వేస్తున్నారు. బతుకుతుందని మీకు తెలుసు కాబోలనుకున్నా. మీ మొహం చూసి ఆ మాట అనడానికి నోరు రాలేదు."

లేచి చెయ్యి చాపింది.

"దువ్వెన ఇలా ఇవ్వండి."