ఒడ్డున మనిషి

ఆపరేషన్ బల్ల మీద, ముక్కు మీదికొచ్చిన ఈథర్ మత్తుగుడ్డను మాలకొండమ్మ చేత్తో నెట్టేసింది.

"నేను పడుకోను. ఒడ్డున కనిపెట్టుకోని ఉండే మనిషి లేకుండా మావోళ్లు సముద్రంలోకి పడవ దించరు. బయట నాకోసం కూర్చున్నోళ్లు ఎవురూ లేరు."

కడుపులో గడ్డ కోయడానికి చేతులు కడుక్కొచ్చిన డాక్టరు విసుగ్గా గడియారం వంక చూశాడు. మత్తిచ్చే నర్సు రెబెక్కమ్మ ముసలామె తల దగ్గరికి స్టూలు జరుపుకుంది.

"కోసేది డాక్టరు గారు, అవ్వా. నీ నాడి పట్టుకోని, ఊపిరి చూస్తా కూర్చునేది నేను."

"మధ్యలో లేచిపోతావా?"

"నువ్వు కళ్లు తెరిచిందాకా కదలను."

"అయితే ఒడ్డున నువ్వుండావు," అని మాలకొండమ్మ కళ్లు మూసుకుంది.

గడ్డ తీసేశారు. డాక్టరు వెళ్లిపోయాడు. చాలాసేపటికి ముసలామె కళ్లు తెరిచి, తన మీదికి వంగిన మొహాన్ని పోల్చుకుంది.

"ఉండావా తల్లీ."

"ఉండాను."

"మరి నీకు ఒడ్డున ఎవురుండారు?"

ఇన్నేళ్లలో రెబెక్కమ్మ ఎందరినో నిద్రపుచ్చి లేపింది. లేచినవాళ్లంతా డాక్టరుకే దణ్ణం పెట్టారు. ఈ మాట ఎవరూ అడగలేదు. ఆమె ఉండే గదికి ఒకటే తాళంచెవి. అది ఆమె కొంగునే ఉంటుంది.

నాడి చూసే పని అయిపోయింది. అయినా రెబెక్కమ్మ ఆ చెయ్యి వదల్లేదు.