పిల్లలుండే చోటు

"గెలిచాను బాబాయ్! ఆ సైన్సు పత్రిక ఎడిటర్ వెయ్యనన్న నా కోతుల వ్యాసం నేనే నెట్‌లో పెట్టేశాగా, వారంలో మూడువేలమంది చదివారు!" అని అరుస్తూ మా అజ్రూ ఊరి పక్క దేవదారు అడవిలోకి పరిగెత్తాను.

అడవి కాపలా కాసే మోహా బాబాయ్ నవ్వలేదు. "ఎందుకు వెయ్యనన్నాడమ్మా?"

"కోతులుండే చోటు చూపే పటం తీసెయ్యాలట! పారిస్ వాళ్లనైతే అలా అడుగుతాడా? మనమంటే లోకువ. అందుకే పటంతో సహా పెట్టా."

"తెల్లారగట్ల వ్యానొచ్చింది. ఎవర్నీ దారి అడగలేదు. నాలుగు కోతిపిల్లల్నీ గోనెసంచిలో వేసుకుపోయారు, అమ్ముకోడానికి. హడావిడిలో ఇది పారేసుకున్నారు."

ఆయన చాచిన కాగితం మీద నా పటం. కింద నా పేరు, నౌహైలా.

"ఇప్పుడే తీసేస్తా బాబాయ్..." అంటూ ఉండగానే ఎదురుగా రెండు మగకోతులు కలబడ్డాయి. కొట్లాట వస్తే వాటిలో ఒకటి పిల్లను ఎత్తుకొచ్చి మధ్యలో కూర్చోబెడుతుంది. రెండూ దాన్ని నిమురుతూ చల్లబడిపోతాయి. మూడేళ్లు ఇక్కడే కూర్చుని చూసి నేను రాసింది అదే.

ఇవాళ ఒకటి గబగబా వెనక్కి వెళ్లి, చెట్టు చుట్టూ వెతికి, ఒట్టి చేతులతో తిరిగొచ్చింది.