అత్త సాక్ష్యం

వృద్ధాశ్రమంలో గంట నొక్కిన ఇరవై రెండు నిమిషాలకు గానీ ఆయా రాలేదని స్వయంగా ఫోన్లో కొలిచి, మూడు పేజీల ఫిర్యాదు రాసిన ప్రజాసేవకుణ్ణి నేనే. చల్లారిన టీ, మార్చని దుప్పటి వగైరా సమాచారమంతా నాకు చేరవేసింది అక్కడే ఉంటున్న మా మేనత్త. పదేళ్ళు మా ఇంట్లో మహారాణిలా బతికిన మనిషికి ఇదా గతి అని నా ఆవేశం.

తనిఖీకి అధికారిణి వచ్చారు. నేను అత్త మంచం పక్కన పెద్ద వకీలులా నిలబడ్డాను.

“గంట నొక్కితే వెంటనే వస్తారామ్మా?”

“నొక్కేలోపే వస్తారమ్మా. బంగారు తల్లులు.”

“దుప్పట్లు?”

“రోజూ మారుస్తారు. మా అల్లుడికి కాస్త అతి, పట్టించుకోకండి.”

ఆవిడ నన్ను జాలిగా చూసి, అన్ని గడుల్లోనూ ‘బాగుంది’ అని రాసుకుని వెళ్ళిపోయారు.

“నన్ను నిలువునా ముంచేశావు కదత్తా. ఇదంతా ఎవరికోసం చేశాను?”

అత్త గొంతు తగ్గించింది.

“అలగకు అల్లుడూ. కాస్త మందలించి పోతారనుకున్నా. ఏకంగా ఆశ్రమమే మూసేస్తారని పొద్దున ఆయా చెప్పేదాకా నాకేం తెలుసు? మూసేస్తే నన్ను మళ్ళీ మీ ఇంటికే కదరా పంపేది?”