మెట్ల కింద పార్సిల్

మూడో అంతస్తులో ఉండే ఇవాన్ గుడ్డివాడు కాడు, దొంగ అని నరసరాజు పొద్దున కాఫీ తాగుతూ తేల్చేశాడు.

తేల్చేశాక తనకే నవ్వొచ్చింది. రిటైరైనవాళ్ళు మొక్కలు పెంచుకుంటారు, మనవళ్ళను ఆడించుకుంటారు. తానేమో కాప్రాలో ఓ పాత అపార్ట్‌మెంటుకు ప్రెసిడెంటై పార్సిల్ దొంగల వెంట పడ్డాడు. అయినా ఏం చేస్తాడు? లాలాగూడ వర్క్‌షాపులో రైలు చక్రాల మీద వెంట్రుకవాసి పగులున్నా పట్టేసిన ఇన్‌స్పెక్టరాయె! "రాజు సారు కన్ను పడితే చక్రం సుత వణుకుతది" అనేవాళ్ళు అక్కడ. పాపం, ఆ పేరు మీదే ఇంకా బతికేస్తున్నాడు.

కేసు మాత్రం చిన్నదేం కాదు. వచ్చిన పార్సిళ్ళు మెట్ల కింద అరలో పెట్టడం, ఎవరిది వాళ్ళు పేరు చూసుకుని తీసుకుపోవడం ఆ బిల్డింగు పద్ధతి. వాచ్‌మన్ జంగయ్యకు చదువు రాదు మరి. పోయిన వారం పక్క ఫ్లాటు కల్పలత తన కూతురికని తెప్పించిన వెండి పట్టీల పార్సిల్ మాయమైంది. అందరికీ జంగయ్య మీదే అనుమానం. సాయంత్రం మీటింగులోగా దొంగ దొరక్కపోతే జంగయ్యను పనిలోంచి తీసెయ్యాలి. తీసేస్తున్నామని చెప్పాల్సింది ప్రెసిడెంటు నరసరాజే.

"నేను తియ్యలే సార్, పిల్లల మీద ఒట్టు," అన్నాడు జంగయ్య ఏడుపు గొంతుతో. "ఈ వయసుల నేనెక్కడికి పోవాలె?"

నరసరాజు ప్రాణం ఉసూరుమంది. జంగయ్యే దొంగైతే ఇక లోకంలో నమ్మడానికి మనిషే ఉండడు. "ఫికర్ చెయ్యకు. ఎవరెవరు వస్తరు, ఎట్ల తీస్కుంటరు, అది చెప్పు చాలు."

"అందరు పేరు చూస్కోని తీస్కుంటరు సార్. ఇవాన్ సారు సుత తనది తనే తీస్కుంటడు. ఒక్కనాడు నన్ను అడగలే."

దొరికాడు! కళ్ళు కనబడని మనిషి అంత కుప్పలోంచి తన పార్సిల్ తానెలా తీసుకుంటాడు? పైగా ఎదురుపడితే చాలు, ఈ వచ్చేదెవరా అని నరసరాజు పోల్చుకునేలోగానే, "గుడ్ మార్నింగ్ రాజు సార్" అంటాడు. ఆ నల్లద్దాలూ, ఆ తెల్లకర్రా అంతా నాటకం. బ్యాంకులో ఉద్యోగం కూడా ఆ నాటకంతోనే కొట్టేసి ఉంటాడు. ఇవాళ వీడి సంగతి తేలాల్సిందే.

సాయంత్రం ఇవాన్ ఇంటికొచ్చే వేళకు నరసరాజు మెట్ల పక్కన కాపు కాశాడు. సాక్ష్యానికి జంగయ్యనూ కల్పలతనూ పిలిపించి, గట్టిగా మాట్లాడొద్దని చెప్పాడు. అడగాల్సిన ప్రశ్నలు ముందే బట్టీ పట్టాడు. తీరా గోడకు ఆనుకుని నిలబడేసరికి మోకాలు నొప్పి షురూ అయింది. సీఐడీలకు మోకాళ్ళు ఉండవు కాబోలు అని తనను తానే తిట్టుకున్నాడు.

కర్ర టకటకలు దగ్గరికొచ్చి ఆగాయి.

"రాజు సార్, ఇక్కడ నిలబడ్డరేంది? మోకాలు తక్లీఫ్ తగ్గలేదా?"

"చూసిన్రా!" నరసరాజు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "నేను నోరు సుత తెరవలేదు. నన్నెట్ల గుర్తువట్టినవ్?"

"నొప్పుల మందు వాసన సార్. బిల్డింగ్‌ల అంత మందు రాసేది మీరొక్కరే."

కల్పలత కిసుక్కున నవ్వింది. నరసరాజుకు చెవులు వేడెక్కాయి. బట్టీ పట్టిన ప్రశ్నల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

"మరి నీ పార్సిల్? అది సుత వాసన చూసే తీస్కుంటవా?"

"దానికి ఫోన్ ఉంది కద సార్. కెమెరా పెడితే రాసింది చదివి చెప్తది. రోజు ఇయర్‌ఫోన్ పెట్టుకుంట కాబట్టి మీకు వినపడదు. ఇప్పుడు వినుండ్రి."

అర దగ్గర అట్టపెట్టెలు కదిలిన చప్పుడు. వెంటనే ఫోన్లోంచి ఓ ఆడగొంతు మొహమాటం లేకుండా చదివింది. "ఇవాన్. ఫ్లాట్ నంబర్ మూడు వందల రెండు."

కేసు అక్కడే కూలిపోయింది. నలుగురినీ పిలిచి మరీ పరువు తీసుకున్నావు కదరా మహానుభావా, అనుకున్నాడు నరసరాజు. తన పరువు సంగతి సరే, జంగయ్య గతేం కాను? ఇంకో గంటలో వాడికి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? ఈసారి తన మీద తనకు నవ్వు కూడా రాలేదు.

ఫోను మాత్రం ఆగలేదు. "నరసరాజు. ఫ్లాట్ నంబర్ నూట ఒకటి."

"ఇది మీదే సార్," అన్నాడు ఇవాన్. "వారం సంది ఇక్కడ్నే ఉంది. ఇయ్యాల కాకుంటే రేపు తీస్కుంటరులే అనుకున్న."

"నాదెందుకైతది? నాది నేను పోయిన వారమే తీస్కపోయిన. పెండ్లిరోజు మా కాంతమణికి ఇద్దామని బీరువల దాచిన. ఇంక ఇప్పనన్నా ఇప్పలేదు."

"మరి మీరు తీస్కపోయింది ఎవరిది అంకుల్?" అంది కల్పలత. ఆమె గొంతులో ఇప్పుడు నవ్వు లేదు.

"అయ్యో దేవుడా" అంటూ జంగయ్య అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. అది ఏడుపో నవ్వో అతనికే తెలియలేదు.

"ఈ మెట్ల కింద బల్బు సరిగ్గ వెలగదు కదా..." నరసరాజు నసిగాడు. "అందుకే పేరు జెర అటిటు అయింది."

"కొత్త బల్బే ఏసిన కద సార్, మీరు చెప్తెనే," అన్నాడు జంగయ్య అమాయకంగా.

ఇవాన్ దగ్గరికొచ్చి నరసరాజు భుజం మీద చెయ్యి వేశాడు. మిగతా ఇద్దరికీ వినపడనంత మెల్లగా అన్నాడు.

"నాకు కనపడదని నేను అందరికి చెప్పుకుంట సార్. మీరెందుకు దాస్తున్నరు?"